రంగు కింద అతుకు

బాగేపల్లి దాటాక హైవే పక్కనున్న ఒక షెడ్డులో ఈ మధ్య ఒక పాత 407 లారీని జాకీల మీద లేపి వెనక చక్రాలు విప్పారు. టమాటాలు తోలుకోవడానికి ఒక రైతు నెల కిందట కొన్న బండి అది. ఆంధ్ర సరిహద్దు అవతల నుంచి వచ్చింది. ఆర్సీ ప్రకారం ఆయన నాలుగో ఓనరు. బ్రేకు తొక్కితే బండి కుడివైపుకు గుంజుతోందని తెచ్చాడు. మేస్త్రీ కిందికి దూరి, ఎడమ చక్రానికి పోయే బ్రేకు పైపును వేలితో తడిమి, బయటికి వచ్చి చెప్పాడు: "అన్నా, ఈ చక్రానికి బ్రేకే లేదు. ఎవరో పైపు కోసి, కొన సుత్తితో కొట్టి మూసేసినారు. నువ్వు నెల నుంచీ మూడు చక్రాల బ్రేకుతోనే తిరుగుతా ఉండావు."

"కొనేటప్పుడు తోలి చూస్తినే, బాగానే నిలబడె" అన్నాడు రైతు.

"ఖాళీ బండి కదన్నా. నిలబడుతుంది."

మేస్త్రీ అన్న ఆ చివరి మాట దగ్గరే మేము ఆగిపోయాం. పాత లారీని కొనేవాడు ఖాళీగా తోలి చూసి కొంటాడు. ఆ లారీ ప్రాణం తీసేది నిండు లోడుతో, పల్లంలో, చీకట్లో. ఈ రెండింటి మధ్య ఆ బండిని విప్పి చూసే మనిషి గానీ, చూడమని చెప్పే కాగితం గానీ ఈరోజు మన చిక్కబళ్ళాపుర జిల్లాలో లేదు.

ఆ పూట షెడ్డులో ఇంకా చాలా బయటపడ్డాయి. ఫ్యూజు పెట్టెలో హెడ్‌లైట్ల ఫ్యూజు ఉండాల్సిన చోట మెలిపెట్టిన రాగి తీగ కనిపించింది. కమాను కట్టలో వేరే బండివేవో తెచ్చి దూర్చిన మూడు పట్టీలున్నాయి. ఛాసిస్ మీద జానెడు ఇనుప పలకను వెల్డింగు చేసి పైన నల్ల రంగు కొట్టారు. రంగు గీకితే పలక అంచు వెంబడి వెంట్రుకంత చీలిక తేలింది. డీజిల్ ట్యాంకు కారే చోట సబ్బు ముద్ద అదిమి ఉంది. అమ్మినాయనకు రైతు అక్కడి నుంచే ఫోను చేశాడు. "నేను కొన్నప్పుడే అట్ల ఉండిందేమో, నేను విప్పి చూళ్లేదు" అన్నాడాయన. ఆయన అబద్ధమాడాడని అనడానికి మా దగ్గర ఆధారం లేదు. నిజమే చెప్పి ఉండవచ్చు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. ఆ పైపు ఏ ఊళ్లో, ఏ రాత్రి, ఎవరి చేతిలో మూసుకుపోయిందో చెప్పగలిగినవాడు ఎవడూ మిగల్లేదు. బండి మాత్రం రోడ్డు మీద ఉంది.

చిక్కబళ్ళాపుర జిల్లాకు పాత లారీ లేకుండా పొద్దు గడవదు. చింతామణి మండీకి తెల్లవారకముందే టమాటా చేరాలి. శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్లు రావాలి. చిక్కబళ్ళాపుర చుట్టుపక్కల పూలు, ద్రాక్ష వాడకముందే బెంగళూరు చేరాలి. కంకర క్రషర్ల దగ్గర టిప్పర్లు వరుస కట్టి నిలబడతాయి. వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు, తోటలకు నీళ్లు ట్యాంకర్లే తోలాలి. కొత్త బండికి కంతులు కట్టుకోలేని రైతు, రెండెకరాలు అమ్మి బాడుగలు తోలుకుందామనుకున్న కుర్రవాడు పాత బండే కొంటారు. బెంగళూరులో ఒక కంపెనీకి పదేళ్లు తిరిగి అరిగినది, విజయవాడ ఆటోనగర్‌లో ఒకప్పుడు కొత్తగా బాడీ కట్టించుకున్నది, అనంతపురంలో ఫైనాన్సువాళ్లు పట్టుకుపోయి వేలం వేసినది, చేతులు మారి మారి చివరికి మన పల్లెల్లో తేలుతుంది. వయసు పెరిగే కొద్దీ మనిషికైనా ఎద్దుకైనా మోత తగ్గిస్తాం. లారీకి పెంచుతున్నాం. సరుకులు తోలిన బండి టిప్పరవుతుంది. టిప్పరుకు పనికిరానిది నీళ్ల ట్యాంకరవుతుంది.

ఆ ట్యాంకర్ల సంగతి వేరుగా చెప్పాలి. 2024 వేసవిలో బెంగళూరు నీళ్లకు అల్లాడినప్పుడు చుట్టూ ఉన్న జిల్లాల్లో పాత ఛాసిస్ మీద ఇనుప తొట్టి ఎక్కించిన ప్రతి బండికీ గిరాకీ వచ్చింది. తొట్టి లోపల అడ్డగోడలు లేకపోతే, సగం నిండిన నీళ్లు మలుపులో ఒక పక్కకు, బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అలాంటి తొట్టి కింద అతుకు వేసిన ఛాసిస్ ఉంటే, మూసేసిన బ్రేకు పైపు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ తిరిగేది ఎలాంటి రోడ్డు మీదో జిల్లా మరిచిపోలేదు. పాత ఏడో నెంబరు, ఇప్పటి 44వ నెంబరు జాతీయ రహదారి మీద 2023 అక్టోబరు 26 తెల్లవారుజామున, చిక్కబళ్ళాపుర పట్టణం దగ్గరే, పొగమంచులో ఒక సుమో ఆగి ఉన్న ట్యాంకరును వెనక నుంచి గుద్దింది. 13 మంది పోయారు. వాళ్లలో చాలామంది దసరాకు ఆంధ్రలోని సొంత ఊళ్లకు వెళ్లి, బెంగళూరులో కూలి పనులకు తిరిగి వెళ్తున్నవాళ్లు. ఆ ట్యాంకరులో లోపముందని మేము అనడం లేదు. ఆ ఉదయం చెప్పిన సంగతి ఒక్కటే: ఈ రోడ్డు మీద మంచులో నిలిచిపోయిన బండి ఎవరికో సమాధి రాయి అవుతుంది. అతుకులతో తిరిగే లారీ ఎక్కడ నిలవాలో తాను నిర్ణయించుకోదు. ఎయిర్ లైను పగిలిన చోట, ఇరుసు విరిగిన చోట, వైరు కాలి వెనక లైట్లు ఆరిపోయిన చోట నిలుస్తుంది.

రెండేళ్ల తర్వాత ఇదే రహదారి మీద, 2025 అక్టోబరు 24న, హైదరాబాదు నుంచి బెంగళూరుకు వస్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. తెల్లవారాక బాగేపల్లి, చిక్కబళ్ళాపుర మీదుగా వెళ్లాల్సిన బస్సు అది. మంట మొదలైంది బస్సు కింద ఇరుక్కుపోయిన మోటార్‌సైకిల్ వల్ల. ఆ బస్సు మొదట డామన్ డయ్యూలో రిజిస్టరై తర్వాత ఒడిశాకు మారిందని, సీట్ల బస్సుగా అనుమతి ఉన్నదాన్ని పడక బస్సుగా నడిపారని ఆ తర్వాత వార్తల్లో వచ్చింది. రాష్ట్రం మారి, రిజిస్ట్రేషను మారి, లోపలి ఏర్పాటు మారి తిరిగే బండిలో కూర్చున్నవాళ్లకు ఈ మార్పులేవీ తెలియవు. టిక్కెట్టు మీద అవి రాసి ఉండవు.

ఇప్పుడు ఆ షెడ్డులోని అతుకుల దగ్గరికి తిరిగి వెళ్దాం. ఒక్కొక్కటీ ఏం చేస్తుందో తెలుసుకోకపోతే, "పాత బండి అన్నాక ఇవన్నీ మామూలే" అనే మాట మనల్ని జోకొడుతూనే ఉంటుంది.

బ్రేకు పైపు మూసినవాడి ఉద్దేశం ఒక్కటే. ఆ చక్రం సిలిండరు కారుతోంది, కారితే మొత్తం బ్రేకు ఆయిలు పోతుంది, మిగతా చక్రాలకైనా బ్రేకు ఉండాలి. రాత్రి పూట పావగడ రోడ్డులోనో కదిరి రోడ్డులోనో చిక్కుకుపోయిన డ్రైవరుకు అది ఊరు చేరుకునే ఉపాయం. దానితోనే నెలలు తిరిగితే మిగిలిన మూడు డ్రమ్ములు నాలుగింటి పని చేయాలి. లోడుతో పల్లం దిగేటప్పుడు అవి కాలిపోతాయి. కాలిన డ్రమ్మును లైనర్ పట్టుకోదు. డ్రైవరు ఎంత తొక్కినా బండి ఆగదు. ఆగినా సూటిగా ఆగదు, ఎదుటి వరుసలోకి గుంజుకుపోతుంది.

పెద్ద లారీలలో, టిప్పర్లలో ఇదే తప్పు ఇంకో రూపంలో జరుగుతుంది. అవి గాలి బ్రేకులు. వెనక చక్రాల చాంబర్లలో ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి ఉన్నంతసేపూ ఆ స్ప్రింగు అణిగి ఉంటుంది. గాలి పోతే అది విడివడి, తానే బ్రేకు వేసి బండిని ఆపేస్తుంది. మనిషి తప్పు చేసినా బండి ఆగాలని ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. చాంబరు చిరిగి గాలి పోతుంటే బండి కదలదు. అలాంటి బండిని షెడ్డు దాకా లాక్కుపోవడానికి ఒక బోల్టు ఇస్తారు. దాన్ని వెనక నుంచి బిగిస్తే స్ప్రింగు లోపలే బందీ అవుతుంది. షెడ్డుకు చేరాక చాంబరు మార్చి ఆ బోల్టు విప్పేయాలి. విప్పకుండా అలాగే క్వారీకి తోలితే ఆ చక్రానికి పార్కింగు బ్రేకు లేనట్టే. గాలి పోయిన క్షణాన బండిని ఆపే దిక్కూ లేదు. అలాంటి టిప్పరు అమ్మకానికి వచ్చినప్పుడు ఆ బోల్టు బురద కింద ఉంటుంది. కొనేవాడు ఇంజను చప్పుడు వింటాడు, టైర్లు చూస్తాడు, కొత్త పెయింటు చూస్తాడు.

ఫ్యూజు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ఫ్యూజు తీగ పలుచగా ఉండేది కావాలనే. వైరింగులో ఎక్కడ తప్పు జరిగినా ముందు అదే కాలి, కరెంటు ఆగి, మిగతా బండి మిగలాలి. అది ఊరికే కాలిపోతోందంటే ఎక్కడో వైరు రాసుకుంటోందని అర్థం. దాని స్థానంలో రాగి తీగ పెట్టినవాడు ఆ సమాచారాన్ని తెంపేశాడు. ఇక కాలేది వైరు. ఆ వైరు పక్కనే డీజిల్ పైపు, క్యాబిన్‌లో సీటు స్పాంజీ, వెనక నిద్రపోతున్న క్లీనరు ఉంటారు.

ఇక కమాను పట్టీలు. రెండు పట్టీలు ఎక్కువ వేస్తే బండి వంగదు కాబట్టి ఎక్కువ బరువు మోయగలదనుకుంటారు. పట్టీలు మోస్తాయి. ఇరుసు, హబ్బులు, బ్రేకులు, టైర్లు మాత్రం పాతవే. కింద వంగకపోయేసరికి ఆ దెబ్బ ఛాసిస్‌కు ఎక్కుతుంది, ఛాసిస్ చీలుతుంది, చీలిన చోట పలక వెల్డింగు చేస్తారు. లారీ ఛాసిస్ గుంతల్లో కొద్దిగా మెలిపడుతూ సాగేలా చేసిన ఇనుము. వెల్డింగు వేడికి పలక అంచున ఆ గుణం పోతుంది. మళ్లీ చీలేది సరిగ్గా అక్కడే. ఆ 407లో రంగు కింద కనిపించిన గీత అదే. ఒక అతుకు ఇంకో అతుకును కంటుంది. ఈ జిల్లాలో చెరువు కట్టలు చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. కట్టలో ఎలుక బొరియను పైపైన మట్టి కొట్టి మూసి ఎవరికీ చెప్పకపోతే, వాన పడ్డ రాత్రి ఊరు దాని సంగతి తెలుసుకుంటుంది.

ఊళ్లో చెరువు లెక్క చెప్పడానికి ఒక నీరుగంటి ఉండేవాడు. లారీకి ఎవరున్నారు?

కాగితాలు చూద్దాం. బండి చేతులు మారేటప్పుడు అమ్మేవాడు ఫారం 29, కొనేవాడు ఫారం 30 ఇస్తారు. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో మన కేఏ 40 నెంబరు కిందికి రావాలంటే ఫారం 28, అంటే ఆ ఆర్టీఓ నిరభ్యంతర పత్రం కావాలి. అందులో పన్ను బాకీ లేదని ఉంటుంది, బండి మీద దొంగతనం కేసు లేదని ఉంటుంది. ఫైనాన్సు బాకీ ఉందో లేదో ఉంటుంది. ఈ బండికి ఇదివరకు ఏం విరిగింది, ఎక్కడ అతుకు పడింది అని అడిగే గడి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. సర్కారు తన పన్నును కాపాడుకుంది, ఫైనాన్సువాళ్లు తమ అప్పును కాపాడుకున్నారు. కొనేవాడి ప్రాణానికి కాగితంలో చోటు దొరకలేదు. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. బేరం తెలుగులో, ఆఫీసులో మాట కన్నడంలో, ఫారం ఇంగ్లీషులో. బ్రోకరు చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేస్తాడు రైతు.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది కదా అంటారు. నిజమే. సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఎఫ్‌సీ ఒక రోజు బండి ఎలా ఉందో చెబుతుంది. ఆ ఒక్క రోజు కోసం మంచి టైర్లు తగిలించి తర్వాత విప్పేయడం లారీ అడ్డాల్లో అందరికీ తెలిసిన సంగతే. చక్రాలను రోలర్ల మీద తిప్పి ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో కొలిచే యంత్రపు పరీక్షా కేంద్రాలలోనే రవాణా వాహనాలకు ఎఫ్‌సీ ఇవ్వాలన్న కేంద్రం నిబంధన వాయిదా పడి 2024 అక్టోబరు 1 దాకా జరిగింది. ఆ రోలర్ల మీద నిలబెడితే మూసేసిన బ్రేకు పైపు నిమిషంలో బయటపడుతుంది. ఆ యంత్రం పక్క జిల్లాలో ఉంటే చింతామణి రైతుకు లాభం లేదు. జిల్లాలోనే, చేరుకోగల దూరంలో ఉండాలి.

బ్రిటనులో ఒక బండి నెంబరు కొడితే ఇదివరకు ప్రతి ఏటి పరీక్షలో అది ఎందుకు తప్పిందో, ఏ భాగం అరిగిందని హెచ్చరించారో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మన వాహన్ వ్యవస్థ నెంబరు కొడితే ఎఫ్‌సీ గడువు తేదీ చూపిస్తుంది, బీమా తేదీ చూపిస్తుంది. పరీక్షలో ఏం తేలిందో చూపించదు. ఆ వివరాన్ని చూపించడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. పరీక్షించినవాడు రాసినదాన్ని దాచకుండా పెడితే చాలు.

శిక్ష మాత్రం చట్టంలో స్పష్టంగా ఉంది, అది పడేది ఎవరి మీదో చూడండి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం లోపమున్న బండిని రోడ్డు మీద నడిపినవాడు, నడిపించినవాడు బాధ్యులు. లోపం తెలిసి నడిపినా, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదై ఉండి చూడకపోయినా బాధ్యులే. అంటే నిన్న బండి కొన్న రైతు, ఆ ఉదయమే పనిలో చేరిన డ్రైవరు జవాబు చెప్పాలి. పదేళ్ల కిందట పైపు మూసి, రంగు కొట్టి, అమ్మేసి వెళ్లిపోయిన మనిషి పేరు ఎక్కడా రాదు. ముందు సీట్లో కూర్చునే డ్రైవరు శిక్షకు ముందే చచ్చిపోతాడు. వెనక టమాటా బాక్సుల మీద కూర్చున్న కూలి ఆడవాళ్లు ఏ కాగితంలోనూ లేరు, సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదు కాబట్టి.

అతుకు వేసినవాళ్లందరినీ దుర్మార్గులనే ఉద్దేశం మాకు లేదు. కంతు తేదీ ముంచుకొస్తుంటే, సరుకు కుళ్లిపోతుంటే, ఒరిజినల్ పార్టు నాలుగు రోజులకు గానీ రాదంటే, చేతిలో ఉన్న తీగతో బండిని కదిలించినవాడి తెలివిని చిన్నచూపు చూడం. మన షెడ్ల మేస్త్రీల చేతిపని మీదే ఈ జిల్లా సరుకు నడుస్తోంది. మేము వద్దనేది మౌనాన్ని. ఆ రాత్రి వేసిన అతుకును మర్నాడు విప్పకపోవడం ఒక తప్పు. దాని మీద రంగు కొట్టి ఇంకొకడి చేతిలో పెట్టడం నేరమని మేము అంటాం, చట్టం అన్నా అనకపోయినా.

చిక్కబళ్ళాపుర పక్కనే ముద్దేనహళ్ళి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. 1930ల్లో ఈ దేశంలోనే మోటారు బండ్లు తయారు కావాలని ప్రణాళిక రాసి, దాని కోసం విదేశాలు తిరిగి, సర్కారు తలుపులు తట్టినవారిలో ఆయన ముందున్నారు. ఏటా సెప్టెంబరు 15న ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం. ఆ రోజు మన పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీల పిల్లలను, మాస్టర్లను చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు లారీ అడ్డాలకు పంపి, పదేళ్లు దాటిన బండ్లను ఉచితంగా కింద దూరి చూసి, కనపడింది కనపడినట్టు తెలుగులోనూ కన్నడంలోనూ రాసి ఇవ్వమనండి. ఆయనకు అంతకన్నా తగిన దండ ఉండదు.

రవాణా శాఖను మేము అడిగేది పెద్దది కాదు. పదేళ్లు దాటిన సరుకు బండి పేరు మారాలంటే, దాన్ని లేపి, చక్రాలు విప్పి చూసిన నివేదిక ఆ ఫారం 30కి జతపడాలి. అమ్మేవాడు తనకు తెలిసిన అతుకులన్నీ రాసి సంతకం పెట్టాలి. తెలియకపోతే తెలియదనే రాయాలి, దాని కింద కొనేవాడు చదువుకుని సంతకం పెట్టాలి. మేస్త్రీలను కూడా ఒకటి అడుగుతున్నాం. బ్రేకు, స్టీరింగు, ఛాసిస్ పని చేసినప్పుడు తేదీ, షెడ్డు పేరు, చేసిన పని ఒక చీటీ మీద రాసి ఓనరుకు ఇవ్వండి. తాత్కాలికంగా చేసినదైతే "తాత్కాలికం" అని పెద్ద అక్షరాలతో రాయండి.

ప్రభుత్వం కదిలేలోగా బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి. కాబట్టి ఈ వారం, ఈ నెల పాత బండి కొంటున్న ప్రతి ఒక్కరికీ మా మనవి. బ్రోకరు ఎంత తొందరపెట్టినా, మొదటి లోడు ఎక్కించకముందే బండిని షెడ్డుకు తోలండి. నాలుగు డ్రమ్ములూ విప్పించండి. ప్రతి చక్రానికీ పోయే పైపును చివరిదాకా తడిమి చూడమనండి. గాలి బ్రేకు బండి అయితే చాంబరు వెనక బోల్టు బిగించి ఉందేమో చూడమనండి. ఫ్యూజు పెట్టె మూత తీయండి. ఛాసిస్ మీద కొత్తగా రంగు కొట్టిన చోటు కనిపిస్తే అక్కడే గీకండి. డ్రైవరన్నలు ఓనరు బండి ఇచ్చిన మొదటి రోజే ఈ మాట అడగండి. అడగడం మీ హక్కు, ముందు సీటు మీది.

ఆ 407కు ఎడమ చక్రం పైపు, సిలిండరు మార్చడానికి ఒక పూట పట్టింది.